వదలని ఏట్రియల్ ఫిబ్రిలేషన్: ప్రొసీజర్‌కు వెళ్లాలా, వద్దా?

మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూస్తే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషిలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఒకేలా ఉండదు. ఒకటి గట్టిగా తగులుతుంది. వెంటనే ఇంకొకటి. తర్వాత కాస్త ఖాళీ, ఆపైన తగిలీ తగలనట్టు మరొకటి. గుండె పై గదులైన కర్ణికల్లో విద్యుత్ సంకేతాలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు, ఓ వరస లేకుండా చెలరేగడమే దీనికి కారణం. దాంతో కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతుంటాయి. కింది గదులకు వెళ్లే దారిలో ఏవీ నోడ్ కాపలా కాసి కొన్ని సంకేతాలనే వదులుతుంది కాబట్టి రక్తప్రసరణ సాగిపోతుంది.

ఏడు రోజుల్లోపు సర్దుకునేది వచ్చిపోయే రకం. 7 రోజులు దాటినా వదలకపోతే పర్సిస్టెంట్ అంటారు, 12 నెలలు దాటితే దీర్ఘకాలిక పర్సిస్టెంట్. ‘పర్మనెంట్’ అనే మాట మాత్రం ఒక నిర్ణయాన్ని చెబుతుంది. లయను తిరిగి తెచ్చే ప్రయత్నం ఇక వద్దని రోగీ డాక్టరూ కలిసి అనుకున్నాక పెట్టే పేరు అది.

ఆ నిర్ణయం మనిషిని బట్టి ఎంత మారుతుందో చెప్పడానికి ఇద్దరు అమెరికా అధ్యక్షుల సంగతి చాలు. 1991 మే 4న జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్‌కు క్యాంప్ డేవిడ్‌లో జాగింగ్ చేస్తుండగా ఆయాసం వచ్చింది. ఈసీజీలో ఈ జబ్బు కనిపించింది. మందులకు లొంగకపోతే మత్తు ఇచ్చి షాక్ ఇవ్వాలని, ఆ కాసేపు అధికారం ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్‌కు అప్పగించాలని అనుకున్నారు. ఆ అవసరం లేకుండా మందుతోనే లయ కుదిరింది. తీరా చూస్తే మూలం గుండెలో లేదు, థైరాయిడ్‌లో ఉంది: గ్రేవ్స్ వ్యాధి. ఏ ప్రొసీజర్ గురించి ఆలోచించినా ముందు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలనేది అందుకే. జో బైడెన్‌కూ ఇదే జబ్బు ఉంది. 2021 నవంబరులో విడుదలైన ఆయన వైద్య నివేదిక ప్రకారం లక్షణాలేవీ లేవు, గుండె వేగం అదుపులోనే ఉంది. రక్తం గడ్డకట్టకుండా అపిక్సబాన్ వేసుకుంటూ లయ జోలికి వెళ్లలేదు.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. కెథెటర్‌తో గుండె లోపల కాల్చే ప్రొసీజర్, అంటే అబ్లేషన్, చేయించుకుంటే రక్తం పలచబడే మాత్ర మానేయవచ్చన్న ఆశతో ఒప్పుకునేవారు ఎందరో. వణికే ఎడమ కర్ణికకు ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ ముప్పును వయసు, బీపీ, షుగరు, గతంలో పక్షవాతం, గుండె బలహీనత వంటివి లెక్కగట్టే చాడ్స్-వాస్క్ స్కోరుతో అంచనా వేస్తారు. స్కోరు ఎక్కువగా ఉన్నవారికి లయ కుదిరినా మందు సాగాల్సిందే. ప్రొసీజర్ ఒక ప్రశ్న, మాత్ర మరో ప్రశ్న. రెంటినీ కలిపితే నిర్ణయం తప్పుదారి పడుతుంది.

మన దగ్గర దీనికి మరో మెలిక ఉంది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైన వారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రుల్లో ఇప్పటికీ కనిపిస్తారు. 24 దేశాల్లో 4,500 మందికి పైగా రుమాటిక్ రోగుల మీద జరిగి 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనంలో, కొత్త మందు రివరాక్సబాన్ కంటే పాత తరహా మందులే ప్రాణాలు ఎక్కువ కాపాడాయి. కవాటం బాగా ఇరుకైన వారికి నెలనెలా రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకుంటూ వాడే ఎసిట్రోమ్ వంటి పాత మందులకు అందుకే ఇంకా స్థానం ఉంది. అలాంటి వారిలో ముందు చూడాల్సింది కవాటాన్ని, అబ్లేషన్ మాట ఆ తర్వాతే.

లయను తిరిగి తేవాలా, వేగాన్ని అదుపులో ఉంచితే చాలా అన్న వాదన పాతదే. 2002లో 4,060 మందితో వచ్చిన అఫర్మ్ అధ్యయనం, మందులతో లయను నిలబెట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగడం లేదని చెప్పింది. చాలా ఏళ్లు డాక్టర్లు ఆ మాటే పట్టుకున్నారు. 2020లో ఈస్ట్-ఎఎఫ్‌నెట్ 4 అధ్యయనం దాన్ని సడలించింది. జబ్బు బయటపడిన ఏడాదిలోపు 2,789 మందిని చేర్చుకుని చూస్తే, తొందరగా లయను సరిచేసిన వారిలో గుండెజబ్బు మరణాలు, పక్షవాతం వంటివి తగ్గాయి.

కాలానికి ఇంత విలువ ఎందుకో 1995లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మేకలు చూపించాయి. మారిస్ అల్లెసీ బృందం మెలకువగా ఉన్న 12 మేకల గుండెలకు ఎలక్ట్రోడ్లు అమర్చి, ఆగినప్పుడల్లా ఫిబ్రిలేషన్‌ను మళ్లీ రప్పించింది. మొదట్లో అది కొన్ని సెకన్లలోనే ఆగిపోయేది. అలా రోజుల తరబడి సాగించేసరికి చాలా మేకల్లో 24 గంటలు దాటినా ఆగలేదు. జబ్బే జబ్బును పెంచుతుందన్నమాట. మనిషిలోనూ నెలలు గడిచేకొద్దీ కర్ణిక సాగుతుంది, గోడలో నారపోగులు పేరుకుంటాయి. అందుకే ‘ఇంకో ఏడాది చూద్దాం’ అనడమూ ఒక నిర్ణయమే, దానికీ ఖర్చు ఉంది.

పర్సిస్టెంట్ రోగికి చాలాసార్లు మొదటి మెట్టు షాక్, అంటే కార్డియోవర్షన్. ముందు మూడు వారాలు రక్తం పలచబడే మందు వాడాలి, లేదా గొంతులోంచి చేసే ఎకోతో లోపల గడ్డ లేదని తేల్చుకోవాలి. ఏ దారిలో వెళ్లినా తర్వాత కనీసం నాలుగు వారాలు మందు వాడాల్సిందే. లయ కుదిరినా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. అయినా ఆ కొద్దిరోజుల్లో విలువైన సమాచారం దొరుకుతుంది. మేడమెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కగలిగితే ఇన్నాళ్ల ఆయాసం జబ్బుదే. ‘వయసు మీద పడింది’ అని సర్దిచెప్పుకున్నది వయసు కాదని అప్పుడు తెలుస్తుంది. ఏ తేడా కనిపించకపోతే ప్రొసీజర్‌కు తొందర లేదని చెప్పడానికి అదొక ఆధారం.

అబ్లేషన్‌కు పునాది పడింది ఫ్రాన్స్‌లోని బోర్డోలో. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే పుపుస సిరల మొదట్లోనే ఈ అలజడికి నిప్పురవ్వ పుడుతోందని మిషెల్ హైసాగేర్ బృందం 1998లో చూపింది. తొడ దగ్గరి సిరలోంచి కెథెటర్లు పంపి, కర్ణికల మధ్య గోడను సూదితో దాటి, ఆ సిరల ముఖద్వారాల చుట్టూ కాల్చి గానీ గడ్డకట్టించి గానీ కంచె కడతారు. వచ్చిపోయే రకంలో ఇది బాగా పనిచేస్తుంది. పర్సిస్టెంట్ రకంలో నిప్పు సిరలు దాటి కర్ణిక గోడకు పాకి ఉంటుంది. మరి ఇంకా ఎక్కువ చోట్ల కాలిస్తే? 2015లో 589 మంది పర్సిస్టెంట్ రోగులతో వచ్చిన స్టార్ ఎఎఫ్-2 జవాబిచ్చింది. సిరల చుట్టూ మాత్రమే కంచె కట్టినవారిలో 18 నెలలకు 59 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. అదనంగా కాల్చిన రెండు గుంపుల్లో ఆ సంఖ్య 49, 46 శాతమే. ఇక్కడ తిరగబెట్టడం అంటే 30 సెకన్లకు మించి కనిపించడమని గుర్తుంచుకోవాలి. నెలల తరబడి ఆయాసపడ్డ మనిషికి ఎప్పుడో ఒక నిమిషం దడ రావడం ఓటమిలా అనిపించదు.

గుండె పంపింగ్ తగ్గినవారికి లాభం ఎక్కువ. 2018లో 363 మందితో వెలువడిన క్యాజిల్-ఎఎఫ్‌లో మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం అబ్లేషన్ గుంపులో 28.5 శాతం, మందుల గుంపులో 44.6 శాతం. కర్ణిక బాగా సాగి ఏళ్లు గడిచినవారికి కెథెటర్ ఒక్కటే చాలకపోవచ్చు. ఎలాగూ కవాటం ఆపరేషన్ ఉంటే, జేమ్స్ కాక్స్ 1987లో మొదలుపెట్టిన మేజ్ శస్త్రచికిత్సను దాంతోపాటే చేయించుకోవడం మంచిది. ఏదీ పనిచేయని పెద్దవయసు వారికి పేస్‌మేకర్ పెట్టి ఏవీ నోడ్‌ను కాల్చేస్తారు. కర్ణికలు వణుకుతూనే ఉన్నా నాడి మాత్రం నిలకడగా కొట్టుకుంటుంది.

రోగి చేతిలోనూ చాలా ఉంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగిన లెగసీ అధ్యయనంలో బరువు 10 శాతానికి పైగా తగ్గించుకుని నిలుపుకున్నవారికి జబ్బు లేకుండా ఉండే అవకాశం ఆరు రెట్లు పెరిగింది. మద్యం మానడం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు చికిత్స, బీపీ అదుపు, ఇవన్నీ అబ్లేషన్ ఫలితాన్ని నిలబెట్టేవే.

ముప్పుల సంగతి దాచకూడదు. గుండె చుట్టూ రక్తం చేరడం వంద మందిలో సుమారు ఒకరికి జరగవచ్చు. పక్షవాతం, తొడ దగ్గర రక్తస్రావం కూడా ఉంటాయి. కర్ణిక వెనకాలే అన్నవాహిక ఉంటుంది. వేడి దానిదాకా పోతే వారాల తర్వాత రెంటి మధ్య రంధ్రం పడొచ్చు. ఇది చాలా అరుదు, వస్తే ప్రాణాంతకం. విద్యుత్ పల్సులతో పనిచేసే కొత్త పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో, 2024లో ప్రచురితమైన 17,000 మందికి పైగా రోగుల లెక్కల్లో ఇలాంటి రంధ్రం ఒక్కటీ నమోదు కాలేదు.

చేయించుకున్న మొదటి రెండు నెలల్లో దడ వస్తే ప్రొసీజర్ విఫలమైందని తేల్చరు, కాలిన చోటు మానుతున్న కాలం అది. కానీ వేడి పద్ధతిలో చేయించుకున్నవారికి రెండు మూడు వారాలకు జ్వరం, మింగితే నొప్పి, మాట తడబాటు కనిపిస్తే ఊరి క్లినిక్‌లో యాంటీబయాటిక్ తీసుకుని ఊరుకోకూడదు. వెంటనే అబ్లేషన్ చేసిన డాక్టరుకు కబురు చేయాలి. ఛాతీకి సీటీ స్కాన్ తీయించాలి. గొంతులోంచి ఎండోస్కోపీ మాత్రం చేయించకూడదు, అన్నవాహికకు రంధ్రం పడి ఉంటే, దాంతో ఊదే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరవచ్చు.