వరి మడీ, కారు పొగా ఒకే లెక్కా?



ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో చైనా, అమెరికాల తరవాత మూడో స్థానం మన దేశానిదే. మరి మనమూ వాళ్లతో సమానంగా తగ్గించాలి కదా అని మన పిల్లలు అడుగుతున్నారు. ఈ లెక్క మీద గొడవ పాతది. అది మొదలైన తీరు చెప్పాలని మాకనిపించింది.

1990లో వాషింగ్టన్‌లోని వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ ఒక జాబితా వేసింది. భూమిని వేడెక్కిస్తున్న దేశాల్లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రెజిల్, చైనాల తరవాత అయిదో పేరు ఇండియాది. మరుసటి ఏడు ఢిల్లీ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకంతో జవాబిచ్చారు. సముద్రాలూ అడవులూ కొంత వాయువును పీల్చుకుంటాయి కదా. ఆ జాబితాలో ఆ శక్తిని ఎవరెంత వదిలితే వాళ్లకంత అని పంచేశారు. ఊరి పోరంబోకులో ఎక్కువ గొడ్లున్న ఆసామికే ఎక్కువ మేత రాసిచ్చినట్టన్నమాట! తలకింత అని పంచితే ఇండియా తన వాటా దాటనే లేదని వీళ్లు చూపించారు. పైగా వరి మడి మీథేన్ పేదవాడి బతుకుతెరువుది, కారు పొగ ఉన్నవాడి సుఖానిది, రెండూ ఒకే తక్కెడలో తూగవన్నారు. మీథేన్ గాలిలో సుమారు పన్నెండేళ్లుంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు పోదు. తాతల నాటి పొగను కూడా లెక్కలో వేయాలనడం అందుకే.

1992లో రియోలో దేశాలన్నీ దీన్ని సూత్రంగా ఒప్పుకున్నాయి: బాధ్యత అందరిదీ, మోత మాత్రం అందరికీ ఒకటి కాదు. 1997లో క్యోటోలో ధనిక దేశాలకే కోత పెట్టారు. అంతకు కొన్ని నెలల ముందే, పేద దేశాలకూ కోత లేని ఒప్పందం మాకొద్దని అమెరికా సెనేట్ 95–0తో తీర్మానించింది. 2001లో బుష్ తప్పుకున్నారు. 2015 పారిస్ నాటికి ఎవరెంత తగ్గించాలో వాళ్లే చెప్పుకునే పద్ధతి వచ్చింది.

తలసరి వాదం న్యాయమైందనే మేమంటాం. కానీ దాని చాటున మనలో ఉన్నవాళ్లు దాక్కోవడం కూడా ఉంది. 2007లో గ్రీన్‌పీస్ ఇండియా నివేదిక సరిగ్గా ఆ మాటే అంది. ఏసీ కిందా, గుడిసెలోనూ ఉన్నవాళ్లను కలిపి తీసిన సగటు అది. 2013లో గోపాలపూర్ దగ్గర ఫైలిన్ తీరం దాటినప్పుడు కప్పులు ఎగిరిపోయింది ఎవరివో మనకు తెలుసు. ఆ ఒక్క తుపానుకు వేడే కారణమని మేమనడం లేదు. సముద్రం వేడెక్కేకొద్దీ తుపానుల బలం పెరుగుతుందన్నది మాత్రం నిజం.

ఇప్పుడు గొడవ డబ్బు దగ్గరికి వచ్చింది. 2024లో బాకూలో పేద దేశాలు ఏటా లక్షా ముప్పై వేల కోట్ల డాలర్లు అడిగాయి. 2035 నాటికి ఏటా 30 వేల కోట్లకు ధనిక దేశాలు ఒప్పుకున్నాయి. అధ్యక్షుడు సుత్తి కొట్టేశాక మన దేశ ప్రతినిధి లేచి, దీన్ని మేము ఒప్పుకోవడం లేదని చెప్పారు.