ఫేటియా అంచున ఎద్దుల బాట

నారాయణఖేడ్ బస్టాండులో, అంగట్లో ఫేటియా కట్టిన లంబాడీ పెద్దమ్మలు ఇప్పటికీ కనిపిస్తారు. చూసేవాళ్ల కన్ను ముందు రవిక మీది అద్దాలకే పోతుంది. నిజానికి చూడవలసింది కింది అంచు. ఎర్రటి ముతక గుడ్డతో కుట్టిన ఆ ఘాగ్రా పాదాల దగ్గరికొచ్చేసరికి ఒక్క పొరతో ఉండదు. వేరే రంగుల పట్టీలు, వాటి మీద ముక్కోణాల అతుకులు, ఆపైన దట్టంగా దారపు పని. జొన్న కొయ్యకాళ్లలో, పల్లేరు ముళ్లలో, రేగడి బురదలో రోజూ రాసుకుపోయేది ఆ అంచే. గుడ్డ ముందు పీలికలయ్యేదీ అక్కడే. అందుకే అక్కడ పొర మీద పొర వేసి, కుట్టు మీద కుట్టు పెట్టారు. ఆ అందమంతా గట్టిదనం కోసం పడ్డ పాట్లలోంచే పుట్టిందని నా నమ్మకం.

అద్దం కుట్టడం చూస్తే ఈ పనిలోని నేర్పు అర్థమవుతుంది. బిళ్లకు చిల్లు ఉండదు, జిగురు వాడరు. బిళ్లను గుడ్డ మీద పెట్టి బొటనవేలితో అదిమిపట్టి, దాని మీదుగా నిలువున రెండు దారాలు, అడ్డంగా రెండు దారాలు లాగుతారు. మధ్యలో చిన్న గడి ఏర్పడుతుంది. ఇక సూదిని ఆ దారాల కిందుగా పోనిచ్చి, బిళ్ల పక్కన గుడ్డలో గుచ్చి, మళ్లీ దారాల కిందికి తెస్తారు. ఇలా చుట్టూ తిరుగుతుంటే ఒక్కో లాగుకీ గడి వెడల్పవుతూ దారాలు అద్దం అంచుకు జరుగుతాయి. చుట్టు పూర్తయ్యాక దారపు కట్టు మధ్య అద్దం నిలుస్తుంది. మొదటి నాలుగు దారాలు వదులైతే బిళ్ల జారిపోతుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. ఆ బిగువు చేతికి తెలియాల్సిందే. ఇంతా చేస్తే అయ్యేది ఒక్క అద్దం. ఫేటియా, కాంచళి అనే రవిక, తలమీది టుక్రి మూడూ కలిపి ఎన్ని అద్దాలో, ఎన్ని రాత్రుల పనో ఊహించుకోవచ్చు.

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా దొరసానుల గౌనుల పద్ధతి ఇందుకు పూర్తిగా వేరు. అక్కడ చేతుల చివర లేసు కుచ్చులను కచ్చా కుట్లతో తేలికగా తగిలించేవారు. ఉతకాలంటే విప్పేయాలి, ఫ్యాషన్ మారితే ఇంకో గౌనుకు మార్చాలి. గౌను కుట్టేది ఒకరు, అలంకారాలు సమకూర్చేది ఇంకొకరు. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటోనెట్‌కు ఆ పని చేసిపెట్టి పేరు తెచ్చుకున్న రోజ్ బెర్తాఁ గురించి పుస్తకాలే ఉన్నాయి. తండాలో కట్టుకునే మనిషే కుట్టే మనిషి. విప్పాల్సిన అవసరం రాకూడదనే కుడుతుంది. పేరు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఫేటియా అంచులోకి చేరిన సరుకులు ఎక్కడెక్కడివో చూస్తే లంబాడీల చరిత్రే కనిపిస్తుంది. గవ్వలు మాల్దీవుల సముద్రంలోవి, ఒకప్పుడు చిల్లర డబ్బుగా చెలామణి అయినవి. నాణేలు దారి పొడవునా రాజ్యాలవి. అద్దాలకు గుజరాత్‌లోని కపడ్‌వంజ్ పేరుపడ్డ ఊరు. సముద్రం ఊసే లేని మంజీర తీరంలో గవ్వ కుట్టిన బట్ట తిరుగుతోందంటే, దాన్ని ఎద్దుల మీద మోసుకొచ్చిన జాతి ఒకటి ఉండబట్టే. పదిహేడో శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచి రత్నాల వర్తకుడు తవెర్నియే పది, పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాశాడు. మొగలు సేనల వెంట భంగీ, జంగీ నాయకులు 1,80,000 ఎద్దులతో దక్కనుకు దిగారని లంబాడీల కథనం. లెక్క ఎలా ఉన్నా, సైన్యాలకు తిండిగింజలు అందించింది వీళ్లే. 1792లో శ్రీరంగపట్నం ముట్టడిలో బ్రిటిష్ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సేన కూడా వీళ్ల ధాన్యం మీదే ఆధారపడింది.

తర్వాత రైలు వచ్చింది. 1874లో సికింద్రాబాద్–వాడి మార్గం తెరుచుకుంది. ఉప్పు, గింజలు పెట్టెల్లో పోవడం మొదలయ్యాక ఎద్దుకు పనిలేకుండా పోయింది. 1871 నాటి నేరస్త జాతుల చట్టం పలుచోట్ల వీళ్ల మీద దొంగల ముద్ర వేసింది. అది రద్దయింది 1952లో. తిరగడం ఆగి తండాలు స్థిరపడ్డాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డు తెగయ్యారు. నారాయణఖేడ్‌కు పక్కనే ఉన్న కర్ణాటకలో అదే లంబాడీలు షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. కాగితాల మీద మూడు పేర్లు, కట్టుకునే ఫేటియా ఒక్కటే.

ఈ తరం ఆడపిల్లలు ఫేటియా మానేశారని పెద్దలు నిష్ఠూరమాడతారు. నాకు మాత్రం వాళ్లను తప్పుపట్టాలని లేదు. ఈ తండాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి వలసపోతాయి. తెల్లవారకముందే కత్తి పట్టే చేతికి అద్దాలు కుట్టే తీరిక ఎక్కడిది? బడిలో ఈ వేషాన్ని చూసి నవ్విన నోళ్లకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఇప్పుడు తీజ్ పండగకు, సేవాలాల్ జయంతికి పిల్లలు మళ్లీ ఘాగ్రాలు కడుతున్నారు. చాలావాటి మీద ఉండేది మిషన్ లేసు, ప్లాస్టిక్ అద్దం. పాత చేతిపని అంచులేమో కత్తిరింపులై సంచులుగా, దిండు గలీబులుగా బజార్లకు చేరుతున్నాయి.

దారి లేకపోలేదు. బళ్లారి ప్రాంతంలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో హంపీలో జరిగిన జీ-20 సమావేశాల్లో అక్కడి స్త్రీల పనితనం 1,755 వస్తువులతో గిన్నిస్ రికార్డుకెక్కింది. కిలన్, వేలే, బక్క్యా, మాకి, నక్రా అంటూ వాళ్లు తమ కుట్లను పేరుపేరునా చెబుతారు. తమిళనాడులోని సిట్టిలింగి లోయలో ఈ విద్య దాదాపు మరుగునపడ్డాక, గుర్తున్న ఒకరిద్దరు ముసలమ్మల దగ్గర నేర్చుకుని మళ్లీ నిలబెట్టారు. నారాయణఖేడ్ పరిస్థితి అంత దిగజారలేదు. ఫేటియా కట్టుకుని తిరిగే పెద్దమ్మలు ఇంకా ఉన్నారు. గిరిజన గురుకులాల్లో వారానికి రెండు పీరియడ్లు కేటాయించి, జీతమిచ్చి, వాళ్లనే టీచర్లుగా కూర్చోబెట్టాలి. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్ గిరిజన మ్యూజియంలో లంబాడీ దుస్తుల పక్కన కుట్టు పేరు, తండా పేరు, వీలైతే కుట్టిన మనిషి పేరు రాయాలి. వయసు మీదపడుతున్న ఆ పెద్దమ్మల చూపు ఆనుతుండగానే ఈ పని మొదలుకావాలి.