ఇంటి లెక్క, బిడ్డ లెక్క: విద్యార్థుల డిజిటల్ అంతరాన్ని కొలిచే తీరుపై ఒక పరిశీలన

సారాంశం

విద్యార్థుల మధ్య డిజిటల్ అంతరాన్ని మనం ఎక్కువగా కుటుంబం ప్రాతిపదికగా కొలుస్తున్నాం. ఈ కొలత ఇంటి లోపలి అసమానతను దాచేస్తుందనీ, విద్యార్థిని ప్రాతిపదికగా తీసుకుంటేనే పరిష్కారాలకు సరైన దారి దొరుకుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ప్రవేశిక

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడి, పాఠం తెర మీదికి మారింది. అంతకుముందు జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017–18) ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 14.9 శాతం, పట్టణాల్లో 42 శాతం. కంప్యూటర్ ఉన్న కుటుంబాలు గ్రామాల్లో 4.4 శాతమే. ఆ తర్వాత ఫోన్లు వేగంగా పెరిగాయి. గ్రామీణ భారతంలో బడికి వెళ్లే పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా, 2021 నాటికి 67.6 శాతమని అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలు తెలిపాయి. ఈ అంకెలను చూస్తే అంతరం పూడుతోందనే అనిపిస్తుంది. అయితే ఆ ఫోన్ ఇంటి గడప దాకా వచ్చి ఆగిందా, బిడ్డ చేతికి చేరిందా?

గడప లోపలి అంతరం

ఈ ప్రశ్నకు జవాబు అసర్ 2021లోనే ఉంది. స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లలోని పిల్లల్లో 26.1 శాతం మందికి చదువు కోసం అది అసలు అందలేదు. ఇంటికి ఒకటే ఫోన్ ఉంటే అది పొద్దున్నే తండ్రి వెంట పనికి పోతుంది. సాయంత్రం తిరిగొచ్చాక పై తరగతి పిల్లలదే మొదటి వంతు, చిన్న తరగతుల వాళ్లు కాచుకుని కూర్చోవాలి.

ఆడపిల్లల పరిస్థితి మరీ కష్టం. 14–18 ఏళ్ల వారిపై జరిగిన అసర్ 2023 సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, అమ్మాయిల్లో 19.8 శాతం మందికే ఉంది.

సొంత ఫోన్ ఉన్నా ఆంక్షలు అడ్డుపడవచ్చు. కేరళలో ఒక కళాశాల బాలికల హాస్టల్‌లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్ వాడకూడదన్న నిబంధనపై ఫహీమా షిరీన్ అనే విద్యార్థిని న్యాయపోరాటం చేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. ఇది వ్యక్తిగా విద్యార్థికి ఉన్న హక్కు, కాబట్టి కొలత కూడా విద్యార్థి దగ్గరే మొదలవ్వాలి.

మూడు ప్రయత్నాలు

తెలంగాణ 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా పాఠాలు అందించింది. టీవీ పాఠానికి డేటా ఖర్చు లేదు, కానీ సందేహం అడిగే వీలూ లేదు. కేరళ ‘ఫస్ట్ బెల్’ పాఠాలను 2020 జూన్‌లో మొదలుపెట్టి, ఇంట్లో టీవీ లేని పిల్లల కోసం గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో చూసే ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు పాఠాలు నింపిన ట్యాబులు పంచింది.

ట్యాబు నేరుగా బిడ్డ పేరు మీదే వస్తుంది, అది దాని బలం. కానీ అది పాడైతే బాగుచేసేవారు, పాఠం అర్థంకాకపోతే చెప్పేవారు ఉండాలి. కేరళ ఏర్పాటులో ఇంటి పేదరికం చదువుకు అడ్డురాని ఉమ్మడి చోటు ఉండేది. ఈ రెండూ కలిసిన చోటే అంతరం తగ్గుతుందని నా అభిప్రాయం.

నిర్ధారణ

బడి కంప్యూటర్ గదికి తాళం వేసి ఉంచకుండా బడి వేళ ముగిశాక కూడా ఒక గంట తెరవాలి. ఆ గంటలో ఉపాధ్యాయులో, చదువుకున్న ఊరి యువకులో తోడుండాలి. చీకటి పడకముందే ఇల్లు చేరాల్సిన ఆడపిల్లలకు మొదటి వంతు ఇవ్వాలి. ఊరి గ్రంథాలయానికీ ఇంటర్నెట్ ఇవ్వాలి. సర్వే పత్రంలో “మీ ఇంట్లో ఫోన్ ఉందా?” అని పెద్దలను అడగడంతో ఆగకుండా, “నిన్న చదువుకోవడానికి అది నీ చేతిలో ఎంతసేపు ఉంది?” అని బిడ్డనే అడగాలి. ఆ జవాబును బట్టే నిధులు కేటాయించాలి.