పాత నోట్ల విలువ – నా అనుభవం



మన సంఘ సమావేశానికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు జేబులోంచి పాత నోటు తీసి, "క్యాషియరుగా చేసినవాడివి గదా, దీనికెంత వస్తుంది?" అని అడుగుతూనే ఉంటారు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు గనుక, నాకు తెలిసినంతలో జవాబు ఇక్కడే రాస్తున్నాను.

ముందుగా నా తప్పు చెప్పుకోవాలి. మా నాయన పోయాక ఆయన సందూకులో హాలీ పది రూపాయల నోటు ఒకటి దొరికింది. నాలుగు మడతలు, ఒక మడత దగ్గర చిన్న చిరుగు. నేను దాన్ని తడిగుడ్డతో తుడిచి, ఇస్త్రీ చేసి, చిరుగుకు టేపు అంటించి ఫ్రేము కట్టించాను. చాలా ఏళ్ల తర్వాత నాణేల ప్రదర్శనలో ఒక సేకరణదారుకు చూపించాను. ఆయన భూతద్దంతో చూసి, "ఆ మడతలతో, ఆ చిరుగుతోనే తెచ్చి ఉంటే మంచి ధర పలికేది" అన్నారు. టేపు జిగురు ఇంకి పచ్చమరక పడింది. అది ఇక పోదు. ఉద్యోగమంతా నోట్లు లెక్కపెట్టిన నాకే ఆ సంగతి తెలియలేదు.

హాలీ నోట్ల చరిత్ర మనలో చాలామందికి ఇంటి చరిత్రే. నిజాం ప్రభుత్వం 1918లో కాగితపు కరెన్సీ చట్టం చేసి నోట్లు విడుదల చేసింది. మొదట్లో వాటిని లండన్‌లోని వాటర్లో కంపెనీ అచ్చువేసింది. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లోనూ విలువ ఉండేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. 1948 తర్వాత కూడా కొన్నేళ్లు చెల్లి, 1950లలో చలామణి నుంచి తొలగాయి. వాటిపై సంతకం సంస్థానపు ఆర్థిక మంత్రిది. అలా సంతకం చేసిన గులాం మహమ్మద్ 1951లో పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యారు.

ఇక విలువ సంగతి. నోటు ఎంత పాతది అన్నది అసలు లెక్క కాదు. అలాంటివి ఎన్ని మిగిలాయి, కావాలనేవారు ఎందరు, నోటు ఏ స్థితిలో ఉంది – ఈ మూడూ చూస్తారు. 1918లో వచ్చిన రెండున్నర రూపాయల నోటు కొద్ది ఏళ్లకే ఆగిపోయింది గనుక అరుదు. అదార్కర్ గారు 1970లో రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నది నెలన్నర లోపే. అందుకే ఆయన సంతకం కోసం వెదుకుతారు. ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోట్లు లెక్కలేనన్ని అచ్చయ్యాయి. నలిగిన నోటుకు పెద్ద ధర రాదు. మనమంతా కట్టలకు పిన్నులు కొట్టినవాళ్లమే. 2001లో రిజర్వు బ్యాంకు ఆ పద్ధతి మానమంది. ఆనాటి నోట్లలో పిన్ను రంధ్రం లేనిది దొరికితే ఎక్కువిస్తారు.

ధర తెలుసుకోవాలంటే అమ్మేవాడు చెప్పే రేటు కాదు, వేలంలో నిజంగా ఎంతకు పోయిందో చూడాలి. కనీసం ఇద్దరిని అడగాలి.

మన సభ్యులొకరికి ఫోను వచ్చింది. 786 నంబరు నోటుకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషను ఫీజు కట్టమని. ఆయన మనవరాలి పెళ్లి ఖర్చులకు పనికొస్తుందని పింఛను డబ్బు కట్టబోయి, ఆఖరి నిమిషంలో ఆగారు. నిజంగా కొనేవాడు మనకే డబ్బిస్తాడు, మన దగ్గర ఫీజు అడగడు. రిజర్వు బ్యాంకు కూడా 2021లో తన పేరుతో జరిగే ఇలాంటి మోసాల గురించి హెచ్చరించింది. ఇంకొకటి: 2016లో రద్దయిన అయిదు వందలు, వేయి రూపాయల నోట్లు పదికి మించి ఉంచుకోవడం 2017 చట్టం ప్రకారం నేరం. అధ్యయనానికి, సేకరణకు అయితే ఇరవై అయిదు దాకా.

మీ ఇంట పాత నోటుంటే తుడవకండి, ఇస్త్రీ చేయకండి, లామినేషను అసలే వద్దు. కవరులో పెట్టి, అది ఎవరిదో, ఎందుకు దాచారో ఆ కవరు మీద రాయండి. ఆ రోజుల్లో పది రూపాయలంటే చిన్న మొత్తం కాదు. మా నాయన దాన్ని ఎందుకు మార్చుకోలేదో నేనెప్పుడూ అడగలేదు. మొన్న మనవడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

సెలవు.