పాత ఆసిలోస్కోపు చెప్పు కథ

నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో పండు హాలియా ప్రాంతమునందలి ఒక కళాశాల ప్రయోగశాలలో పాత ఆసిలోస్కోపు ఒకటి మూలబడి యుండెను. మీట వేసినచో చిన్న దీపము వెలుగును గాని తెరపై చుక్కయైనను కానరాదు. దానిని బాగుచేయబూనిన విద్యార్థుల చేతికి స్క్రూడ్రైవరు నిచ్చుటకు ముందు, నేను ఆ యంత్రము పుట్టిన కథ చెప్పితిని. ఏలయన, దోషమును వెదకు మార్గము ఆ కథయందే కలదు.

1897లో స్ట్రాస్‌బర్గు నగరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ గాలి తీసివేసిన గాజుగొట్టములో ఎలక్ట్రానుల ధారను తెరపై చుక్కగా పడజేసెను. ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు మారినకొలది చుక్క మీదికి, క్రిందికి కదలెను. అయితే దానిని అలగా చూచుటకు తిరుగు అద్దము కావలసి వచ్చెను. 1899లో జెన్నెక్ ఆ చుక్కనే అడ్డముగా నడిపించి అద్దమును తొలగించెను. 1920 తరువాతి తొలి యేండ్లలో అమెరికాలో జాన్సన్ కాగిన తంతువు గల గొట్టమును సిద్ధపరచెను. 1947లో టెక్‌ట్రానిక్స్ సంస్థకు చెందిన హోవర్డ్ వోలమ్ 511 అను పరికరమును వెలువరించెను. అందు అల ఒక నియత స్థాయికి వచ్చినపుడే చుక్క పరుగు మొదలగును. దీనినే ట్రిగ్గరు అందురు. అందుచే బొమ్మ నిలకడగా నుండును.

ఇక మన యంత్రమును పరీక్షింతము. చుక్కయే లేదా? అది బ్రౌన్, జాన్సన్‌ల భాగము: చుక్క తెర వెలుపలికి జరిగినదేమో స్థానము మార్చు మీటలు త్రిప్పి చూచి, పిదప తంతువును, అధిక వోల్టేజిని పరీక్షింపవలెను. చుక్క యుండి గీత లేదా? అది జెన్నెక్ భాగము: రంపపు పళ్లవంటి వోల్టేజి నిచ్చు వలయమును చూడవలెను. అప్పుడు కాంతిని తగ్గింపనిచో కదలని చుక్క తెరపూతను మాడ్చును. గీత యుండి బొమ్మ పరుగెత్తుచున్నదా? అది ట్రిగ్గరు దోషము.

ఒక హెచ్చరిక. ఇందు వోల్టేజి వేయి వోల్టులను మించును. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటర్లలో ఆవేశము నిలిచియుండి ప్రాణము తీయగలదు. తెలిసినవారు దానిని నిరోధకము ద్వారా ఖాళీచేసి, వోల్టుమీటరుతో సరిచూచిన గాని విద్యార్థులు పెట్టె లోపల చేయి పెట్టరాదు.

మా యంత్రములో అధిక వోల్టేజిని పుట్టించు వలయమునకు శక్తి నిచ్చు భాగమున ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఎండిపోయినది. ఏండ్లు గడచినకొలది వీటిలోని ద్రవము తరుగుట సహజము. క్రొత్తది వేయగా చుక్క వెలిగెను, పిదప గీత వచ్చెను. చిన్న ట్రాన్స్‌ఫార్మరు నుండి ఆరు వోల్టుల విద్యుత్తు నీయగా, సెకనుకు 50 సార్లు ఊగు అల తెరపై నిలిచెను.

బ్రౌన్ తొలుత చూచినదియు తన నగరపు ఏకాంతర విద్యుత్తునే. నేడు డిజిటల్ ఆసిలోస్కోపులు వచ్చినవి. కొలతలకు అవి మేలైనవి. కాని ఏ భాగము ఎందుకు చేరినదో తెలిసికొనుటకు పాత యంత్రమును మించిన గురువు లేడు. మీ పాఠశాల మూలలోనున్న దానిని పారవేయుటకు ముందు ఒకమారు దాని కథ వినుడు.