రొమ్ము రాచపుండు: దాని స్వభావ మెరిగిన చరిత్ర



నేను చిలమత్తూరు ప్రాంతపువాడను. మా వైపున రొమ్ములో పుట్టు గడ్డను గూర్చి పదుగురిలో మాటాడుట కలవాటు లేదు. ఆడువారు దానిని కొంగుచాటున దాచుకొందురు. నొప్పి లేదు గదా యని యూరకుందురు. తొలుత నొప్పి లేకుండుటయే యీ వ్యాధి చేయు మోసము. తుదకు కొడికొండ దాటి బెంగుళూరునకు బండి కట్టించినపుడు ఇంటి పెద్ద అడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, మనిషి దక్కునా?" ఆ ప్రశ్నకు వైద్యుడు చెప్పగల జవాబు నూటముప్పది యేండ్లలో నెట్లు మారినదో మనవి చేసెదను.

1895వ సంవత్సరమున గ్లాస్గో నగరమందు జార్జి బీట్సన్ అను శస్త్రవైద్యుని యొద్దకు 33 ఏండ్ల స్త్రీ వచ్చెను. ఆమె రొమ్ము పుండు కత్తికి లొంగని దశకు చేరియుండెను. బీట్సను రొమ్మును ముట్టక, ఆమె అండాశయములను తీసివేసెను. ఈ యూహ ఆయనకు గ్రంథములనుండి మాత్రమే కలుగలేదు. ఈనిన ఆవునకు అండాశయములు తీసివేసిన, పాలు చాలకాలము నిలుచునని కొన్ని దేశముల రైతు లెరుగుదురు. కావున రొమ్మునకును, దూరముననున్న అండాశయమునకును ఏదో లంకె కలదని ఆయన తలచెను. కొన్ని నెలలలో ఆ పుండు కరగెను. 1896లో ఆయన యీ సంగతిని లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. ఆ స్త్రీ శస్త్రచికిత్స పిదప సుమారు నాలుగేండ్లు జీవించెను. పశువుల కొట్టమునుండి వైద్యశాలకు వచ్చిన విద్య యిది, కాపువారు గర్వింపవచ్చును.

కాని సంతోషము నిలువలేదు. ఇట్లు చికిత్స పొందినవారి లెక్క తీయగా ముగ్గురిలో నొక్కరికే మేలు కలిగినట్లు తేలెను. తక్కిన యిద్దరును వృథాగా కోతకు లోనైరి. ఆ యొక్కరెవరో ముందుగా చెప్పుట అరువదియేండ్లకు పైగా ఎవరికిని సాధ్యము కాలేదు.

చికాగో విశ్వవిద్యాలయమున ఎల్వుడ్ జెన్సన్ ఆ ముడిని విప్పెను. అండాశయమునుండి స్రవించు ఈస్ట్రొజెన్ అను హార్మోనునకు ఆయన, ఆయన సహచరుడు జేకబ్సన్, రేడియో ధార్మిక జలజనిని గురుతుగా తగిలించి ఎలుకలకెక్కించిరి. అది రక్తమున అన్ని యవయవములకు పోయెను. కాని గర్భాశయము వంటి కొన్నిట మాత్రమే నిలిచెను. 1958లో ఈ విషయము వెల్లడియయ్యెను. చెరువు తూము విప్పెదరని ఊర దండోరా వేసిన అందరును విందురు; పార భుజాన వేసికొని కదలువాడు ఆ చెరువు క్రింద మడి గలవాడే. అట్లే హార్మోనును పట్టుకొను పదార్థము గల కణమే దాని యాజ్ఞకు కదలును. ఆ పదార్థమునకు గ్రాహకమని పేరు.

పిదప స్త్రీల రొమ్ము గడ్డలలో దానిని వెదకిరి. కొన్నిట కలదు, కొన్నిట లేదు. 1974లో అమెరికాలోని బెథెస్డా నగరమున వైద్యులు తమతమ లెక్కలను కలిపి చూచుకొనిరి. గ్రాహకములున్న వారిలో సగమునకు పైగా హార్మోను చికిత్సవలన మేలు పొందిరి. లేనివారిలో పదింట నొక్కరికైనను అరుదు.

ఈలోపల ఇంగ్లండున 1962లో తయారైన టామాక్సిఫెన్ అను మందు, మొదట గర్భనిరోధమునకై తలపెట్టబడినది, ఇటు మళ్ళెను. అది గ్రాహకమును తానాక్రమించి హార్మోనునకు చోటీయదు. 1971లో మాంచెస్టరు వైద్యులు దాని ఫలితమును ప్రకటించిరి. గ్రాహకములుగల గడ్డ కోయించుకొన్నవారు దీనిని అయిదేండ్లు మింగినచో, ఈ వ్యాధివలని మరణములు సుమారు మూడవవంతు తగ్గునని పిదప తేలినది. గ్రాహకములు లేనివారికి దీనితో పని లేదు.

ఒక మాట మరువరాదు. గ్రాహకములుగల వ్యాధి నెమ్మదిదే గాని, పది పదునైదేండ్లకైనను తిరిగి తలయెత్తవచ్చును. లేనిదాని భయము మొదటి కొలది యేండ్లలోనే మెండు. అవి గడచిన భయము చాల తగ్గును. మన దేశమున గ్రాహకములు లేని తరగతి పాశ్చాత్య దేశములకంటె హెచ్చు. వీరికి కణనాశక ఔషధములే ప్రధానాధారము. బీట్సను కత్తి పట్టిన 1895లోనే భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లే సంస్థ పరిశోధనలు నడపిన కాలమున వెలువడినదే మెథోట్రెక్సేట్. 1976లో మిలాన్ నగర వైద్యుడు బొనడొన్నా, శస్త్రచికిత్స పిదప దానితో మరి రెండు మందులు చేర్చి యిచ్చి, వ్యాధి మరలుట తగ్గునని చూపెను. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి; చూడలేదు.

1987లో స్లామన్, హెర్-2 అను జన్యువు గడ్డలో మితిమీరినచో వ్యాధి తీవ్రమని కనుగొనెను. దానికి విరుగుడైన ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చెను. చెడు శకునముగా నుండినదే చికిత్సకు దారియయ్యెను.

రక్తములోని సి.ఎ. 15-3 వంటి గురుతులను గూర్చి కొందరడుగుదురు. ముదిరిన వ్యాధి పోకడ కనిపెట్టుటకు అవి కొంత ఉపకరించునుగాని, తొలిదశను పట్టజాలవు. "రక్తము బాగున్నది" అను మాట నమ్మి గడ్డను వదలుట ప్రమాదము.

పూర్వము గ్రాహకములను చూచుటకు అప్పుడే కోసి మంచులో గడ్డకట్టించిన ముక్క కావలసియుండెను. 1980 తరువాత, ఫార్మలిన్‌లో నుంచి మైనపు దిమ్మలో పొదిగిన ముక్కపై రంగు వేసి చూచు పద్ధతి వచ్చెను. ముక్క ఫార్మలిన్‌లో పడుట ఆలస్యమైనచో గ్రాహకములు చెడి, ఉన్నవి లేనట్లు కనబడును. తాలూకా పట్టణమున కోయించుకొని, గడ్డ పారవేయబడిన పిదప, ఉత్త చీటీతో పెద్ద ఆసుపత్రికి వచ్చినవారిని నేను చూచితిని. ఆ చీటీతో వైద్యుడు మందును నిర్ణయింపలేడు. 1973లో బెంగుళూరున వెలసిన కిద్వాయి సంస్థకు పోయినను, 2000లో హైదరాబాదున తెరువబడిన బసవతారకం ఆసుపత్రికి పోయినను, మొదట అడుగునది ఆ పరీక్ష కాగితమును, ఆ మైనపు దిమ్మను. అది బొటనవ్రేలంత యుండును. ఏండ్లు గడచినను చెడదు. సంచిలో పెట్టుకొని బస్సులో తీసికొని పోవచ్చును.