చుట్టపై చట్టము: లంక పొగాకు చెప్పు చరిత్ర

గౌతమి, వసిష్ఠ అను గోదావరి పాయల నడుమ సముద్రమువరకు వ్యాపించిన సారవంతమైన భూమియే కోనసీమ. అమలాపురము, రాజోలు ప్రాంతములకు కొబ్బరి యెంత ప్రసిద్ధమో, కొత్తపేట ప్రాంతపు గోదావరి లంకలకు పొగాకు అంత ప్రసిద్ధము. వరద తీసిన పిమ్మట లంకలపై మిగులు ఒండ్రులో పెరిగిన ఈ ఆకునకు ఘాటు ఎక్కువ. వర్జీనియా పొగాకును బ్యారన్లలో వేడిమితో పదును చేయుదురు. లంక పొగాకునట్లుగాక ఆరబెట్టి పదును చేయుదురు. అది సిగరెట్టునకు గాక చుట్టకు పనికివచ్చును. ఈ చిన్న భేదమే తరువాత చట్టముల చరిత్రలో పెద్ద భేదమైనది.

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వర్తకులవలన భారతదేశము చేరినది. వచ్చిన కొలదికాలమునకే పాలకులు దానిని అరికట్టజూచిరి. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లో పొగాకును నిందించుచు గ్రంథము వ్రాసి, దానిపై సుంకమును అనేక రెట్లు పెంచెను. మొగలు చక్రవర్తి జహంగీరు 1617లో పొగ త్రాగరాదని ఆజ్ఞాపించెను. నిషేధము నిలువలేదు; సుంకము మాత్రము నిలిచినది. ప్రభుత్వములకు అది మంచి రాబడి మార్గమని తెలిసినది.

లంక పొగాకును కేంద్రప్రభుత్వపు చట్టము మొదట తాకినదియు రాబడికొరకే. రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న 1943లో పొగాకుపై కేంద్ర ఎక్సైజు సుంకము విధింపబడినది. ఆకును పదును చేయువారును, నిలువచేయు వర్తకులును లైసెన్సులకు, లెక్కలకు లోబడవలసివచ్చెను. ఆకు సిగరెట్టునకా, చుట్టకా, నమలుటకా అనుదానినిబట్టి సుంకపురేటు మారెడిది. తయారుకాని ఆకుపై ఈ సుంకము 1979లో రద్దయినది. ధర పెరిగినచో వాడుక తగ్గుననియు, అందును యువకులు, పేదలు ముందుగా తగ్గింతురనియు నేటి ఆర్థికశాస్త్రము చెప్పుచున్నది. కాని ఆనాటి సుంకమునకు ప్రజారోగ్యము లక్ష్యము కాదు.

ఆరోగ్యపు మాట విజ్ఞానశాస్త్రమునుండి వచ్చినది. 1950లో ఇంగ్లండునందు డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు ధూమపానమునకు ఊపిరితిత్తుల క్యాన్సరునకు గల సంబంధమును చూపిరి. మన తీరమునకు తనదైన సాక్ష్యము వేరుగా ఉన్నది. ఉత్తర కోస్తాలో, ముఖ్యముగా స్త్రీలు, చుట్ట వెలుగుచున్న కొనను నోటిలో నుంచుకొని త్రాగుదురు. దీనినే అడ్డపొగ అందురు. అంగిలి క్యాన్సరునకు ఈ అలవాటు కారణమని 1957లోనే వైద్యులు ప్రకటించిరి. 1969లో వెలువడిన ఒక సర్వేలో శ్రీకాకుళం జిల్లాయందు పరీక్షింపబడిన పదివేలమందికి పైగా గ్రామస్థులలో నూటికి సుమారు 44 మంది అడ్డపొగ త్రాగువారని తేలినది.

ఇంత తెలిసిన పిమ్మట వచ్చిన చట్టము ఏమి చేసినది? 1975నాటి సిగరెట్ల చట్టము పెట్టెలమీదను, ప్రకటనలలోను హెచ్చరిక ముద్రింపవలెనని శాసించినది. అది సిగరెట్టునకే పరిమితము. చుట్టగాని, బీడీగాని, నమలు పొగాకుగాని దాని పరిధిలోనికి రాలేదు. అదే సంవత్సరము పొగాకు బోర్డు చట్టము కూడ వచ్చినది. 1976లో గుంటూరు కేంద్రముగా ఏర్పడిన ఆ బోర్డు వర్జీనియా సాగును, ఎగుమతిని చూచుకొన్నది. ఒక చట్టము పెట్టెను చూచినది, రెండవది ఎగుమతిని చూచినది. అంగిలిని కాల్చు చుట్టను రెండును చూడలేదు.

ఈ లోపమును 2003 నాటి చట్టము సరిదిద్దినది. దాని పట్టికలో సిగరెట్లతోపాటు చుట్టలు, బీడీలు, నమలు పొగాకు, నస్యము, గుట్కా మొదలగునవన్నియు చేరినవి. బహిరంగస్థలములలో ధూమపానము, పొగాకు ప్రకటనలు నిషిద్ధమైనవి. 18 సంవత్సరములు నిండనివారికి అమ్మరాదు. విద్యాసంస్థకు 100 గజముల లోపల ఎవరికిని అమ్మరాదు. 2009 నుండి పెట్టెలపై బొమ్మల హెచ్చరికలు వచ్చినవి. భారతదేశమున వయోజనులలో పొగాకు వాడువారు 2009-10 సర్వేలో నూటికి 34.6, 2016-17 నాటికి 28.6. ఈ తగ్గుదలకు చట్టమొక్కటే కారణమనరాదు గాని, దాని పాలు లేదనియు అనరాదు.

అయినను చట్టమునకు ఒక హద్దు కలదు. హెచ్చరిక ముద్రించుటకు పెట్టె కావలెను. ఇంట చుట్టుకొన్న చుట్టకు, విడిగా కొన్న ఆకునకు పెట్టె యెక్కడ? అచ్చట మనిషి మాటయే హెచ్చరిక కావలెను. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగరు జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడువారిపై జరిపిన పరిశోధన 1986లో వెలువడినది. ఇంటింటికి వెళ్లి నచ్చజెప్పినచో అలవాటు మానువారు పెరుగుదురని అది నిరూపించినది.

రైతు సంగతియు మరువరాదు. 2005లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ పొగాకు నియంత్రణ ఒడంబడిక, సాగుదారులకు వేరు జీవనోపాధి చూపుటను ప్రోత్సహింపవలెనని చెప్పుచున్నది. భారతదేశము అందు భాగస్వామి. వాడుక తగ్గించు విధానము రైతునకు ప్రత్యామ్నాయము చూపనిచో న్యాయము కాజాలదు.

పాఠశాల చుట్టు 100 గజములు చట్టము గీచిన గీత. దానిని కొలిచి చూచుట ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కష్టమైన పని కాదు. గీత దాటి ఇంటిలోనికి పోవలసిన మాటను మాత్రము విద్యార్థియే మోసికొనిపోవలెను.